జిడ్డు కారే తలలో పొట్టు రాలుతుంటే నూనె మందు కాదు

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మాయికి పదిహేనేళ్లు, పదో తరగతి చదువుతోంది. ఏడాది నుంచి తలస్నానం చేసిన మర్నాటికే జుట్టు జిడ్డు కారుతోంది. పాపిడి పొడవునా పొట్టు లేచి యూనిఫాం భుజాల మీద రాలుతోంది. దురద కూడా ఎక్కువే. కనుబొమల్లోనూ, ముక్కు పక్కలా కొద్దిగా పొట్టు కనిపిస్తోంది. మాడు ఎండిపోవడం వల్లే ఇలా అవుతోందని వారానికి రెండుసార్లు రాత్రిపూట కొబ్బరినూనె బాగా పట్టించి, మర్నాడు కుంకుడుకాయతో తలంటుతున్నాను. నిమ్మరసం, పుల్ల పెరుగు కూడా పెట్టి చూశాను. ప్రకటనల్లో చూసిన చుండ్రు షాంపూలు రెండు మార్చాం. వాడినన్నాళ్లు తగ్గి, మానగానే మళ్లీ వస్తోంది. తరచుగా తలస్నానం చేస్తే జుట్టు ఊడుతుందని మా అత్తగారు వద్దంటున్నారు. వచ్చే ఏడాది ఇంటర్‌కి హాస్టల్‌లో చేర్చాలి. తిరుపతి మొక్కు ఎలాగూ ఉంది, గుండు చేయిస్తే ఈ బాధ పూర్తిగా పోతుందా? (ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: మీరు పడుతున్న శ్రమ అంతా ‘మాడు ఎండిపోవడం వల్ల’ అన్న ఒక్క ఊహ మీద నడుస్తోంది. పొట్టు రాలుతోందంటే చర్మం పొడిబారిందని అనుకోవడం సహజమే. చలికాలంలో కాళ్లు, చేతులు పగిలి పొట్టు లేవడం అందరూ చూసినదే కనుక తలకూ అదే సూత్రాన్ని అన్వయిస్తాం. కానీ నిజంగా మాడు పొడిబారిన వారికి జుట్టు మర్నాటికే జిడ్డు కారదు. వారికి రాలే పొట్టు సన్నగా, పొడి పిండిలా ఉంటుంది, ఒంటి మీద చర్మం కూడా పొడిగానే ఉంటుంది. మీ అమ్మాయి విషయంలో జిడ్డు, పొట్టు, దురద మూడూ కలిసి వచ్చాయి. పైగా కనుబొమల్లో, ముక్కు పక్కన కూడా పొట్టు కనిపిస్తోందని రాశారు. ఈ లక్షణాలను బట్టి ఇది సెబోరిక్ డెర్మటైటిస్ అయ్యే అవకాశం ఎక్కువ. చుండ్రు అని మనం వాడుకలో పిలిచేది దీనికే తేలికపాటి రూపం.

ఈ వయసులోనే ఇది ఎందుకు మొదలైందో తెలిస్తే చికిత్స సులువుగా అర్థమవుతుంది. యుక్తవయసు రాగానే ఆండ్రోజెన్ అనే హార్మోన్ల ప్రభావంతో వెంట్రుకల కుదుళ్ల పక్కనుండే తైలగ్రంథులు పెద్దవై సెబమ్ అనే జిడ్డును ఎక్కువగా స్రవిస్తాయి. ఈ హార్మోన్లు మగపిల్లలకే పరిమితం కాదు, ఆడపిల్లల్లోనూ ఉంటాయి. మన అందరి మాడు మీద పుట్టిన కొన్ని వారాల నుంచే మలసీజియా అనే ఒక జాతి ఈస్టు, అంటే కంటికి కనిపించని బూజు, కాపురముంటుంది. 1874లో దీన్ని చుండ్రు పొట్టులో గుర్తించి వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మలస్సే పేరే దానికి స్థిరపడింది. ఈ ఈస్టు తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను తాను తయారుచేసుకోలేదు, కాబట్టి మన జిడ్డు మీదే బతుకుతుంది. జిడ్డులోని కొవ్వును విడగొట్టి తనకు పనికొచ్చిన భాగాన్ని తీసుకుని, ఒలియిక్ ఆమ్లం వంటి మిగులును మాడు మీదే వదిలేస్తుంది. ఈ ఆమ్లం కొందరి చర్మానికి పడదు. అక్కడ చర్మం రేగి, మామూలుగా సుమారు 28 రోజులకు ఒకసారి కంటికి కనిపించకుండా రాలిపోవలసిన చర్మకణాలు తొందరపడి, ఇంకా పక్వం కాకముందే, గుంపులుగా అంటుకుని పొట్టుగా లేస్తాయి. ఒకే ఇంట్లో ఒకే నీళ్లతో, ఒకే షాంపూతో తలస్నానం చేసే అక్కచెల్లెళ్లలో ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవడానికి కారణం ఆ చర్మస్వభావంలోని తేడాయే. మురికి వల్ల, శుభ్రత లేకపోవడం వల్ల వచ్చేది కాదు, ఒకరి నుంచి మరొకరికి అంటుకునేదీ కాదు. ఈ సంగతి మీ అమ్మాయికి మీ నోటితోనే చెప్పండి. భుజం మీద పొట్టు చూసి తరగతిలో ఎవరో నవ్వితే ఆ వయసు పిల్లలు లోపల ఎంత కుంగిపోతారో మా దగ్గరికి వచ్చే పిల్లల మాటల్లో తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు నూనె సంగతి. ఆదివారం పొద్దున్నే నూనె అంటించుకుని వేడినీళ్లతో తలంటు పోసుకున్న ఇళ్లలో పెరిగిన వాళ్లమే కాబట్టి నూనె మానమని చెప్పడానికి నాకూ కొంచెం మొహమాటంగానే ఉంటుంది. కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి, తలస్నానంలో వెంట్రుక కోల్పోయే ప్రోటీన్‌ను తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. పొడవాటి జడ ఉన్న పిల్లలకు అది మేలే. అయితే అది వెంట్రుకకు జరిగే మేలు, మాడుకు జరిగేది కాదు. ఇప్పటికే జిడ్డు కారుతున్న మాడు మీద రాత్రంతా నూనె ఉంచితే ఆ ఈస్టుకు విందు పెట్టినట్టే. నూనె పెట్టిన రాత్రి పొట్టు మెత్తబడి జుట్టుకు అంటుకుపోతుంది కనుక రాలడం ఆగినట్టు కనిపిస్తుంది, మూడో రోజుకు మళ్లీ మొదలవుతుంది. మీరు చూస్తున్నది ఇదే. పొట్టు అదుపులోకి వచ్చేదాకా మాడుకు నూనె పూర్తిగా మానేయండి. జడ చివళ్లు చిట్లిపోతున్నాయనిపిస్తే తలస్నానానికి అరగంట ముందు, చెవుల దిగువన ఉండే జుట్టుకు మాత్రమే కొద్దిగా రాసి కడిగేయవచ్చు.

మీ అత్తగారి భయం చాలా ఇళ్లలో వినిపించేదే. ఒక మనిషికి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు మామూలుగానే రాలతాయి. నాలుగు రోజులకు ఒకసారి తలంటితే ఆ నాలుగు రోజులవీ ఒకేసారి చేతికి వస్తాయి, దాంతో స్నానం వల్లే ఊడిందనిపిస్తుంది. ఎక్కువసార్లు కడిగితే జిడ్డు ఇంకా ఎక్కువగా ఊరుతుందన్న మాటలోనూ నిజం లేదు. జిడ్డు ఎంత ఊరాలో నిర్ణయించేది హార్మోన్లు, నీళ్లు కాదు. ఇంత జిడ్డు తల ఉన్న అమ్మాయి రోజు మార్చి రోజు తలస్నానం చేయడం సబబే. పరీక్షల రోజుల్లో తీరిక లేకపోతే వారానికి మూడుసార్లు చాలు. కుంకుడుకాయలో సహజంగా నురుగు వచ్చే పదార్థాలున్నాయి, అవి జిడ్డును వదలగొడతాయి, కానీ ఈస్టును అదుపు చేయడానికి అవి సరిపోవు. ఇష్టమైతే మందు షాంపూ వాడని రోజుల్లో కుంకుడు రసాన్ని బాగా వడగట్టి వాడండి, పిప్పి మాడు మీద మిగిలిపోతే దురద పెరుగుతుంది. మీ ఇంట్లో వాడేది బోరు నీళ్లై, అవి ఉప్పునీళ్లయితే ఒంటి సబ్బును మాత్రం తలకు రుద్దవద్దు. అలాంటి ఉప్పునీళ్లలో సబ్బు తెల్లటి తెట్టుగా మారి జుట్టుకు పట్టేస్తుంది, చూసేవారికి అది కూడా చుండ్రులాగే ఉంటుంది.

మందు విషయానికి వస్తే, ముందుగా ఈస్టును అదుపు చేసే కీటోకొనజోల్ అనే మందు 2 శాతం ఉన్న షాంపూను సూచిస్తాను. మీరు మార్చిన రెండు షాంపూలలో ఏ మందు ఎంత శాతం ఉందో రాయలేదు. ప్రకటన ఏం చెప్పిందన్నది పక్కనబెట్టి సీసా వెనుక చిన్న అక్షరాల్లో రాసినది చదవడం అలవాటు చేసుకోండి. కీటోకొనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు, నాలుగు వారాలపాటు వాడాలి. ఏ మందు అన్నది ఎంత ముఖ్యమో ఎలా వాడుతున్నారన్నదీ అంతే ముఖ్యం. చాలామంది జుట్టు పైపైన నురుగు చేసి అర నిమిషంలో కడిగేసుకుని ‘మందు పనిచేయలేదు’ అంటారు. ఈ షాంపూ జుట్టుకు కాదు, మాడుకు. తల బాగా తడిపి, జుట్టును పాయలుగా విడదీస్తూ, గోళ్లతో కాకుండా వేళ్ల కొసలతో మాడంతా పట్టించి, గడియారం చూసి అయిదు నిమిషాలు ఉంచి తరువాత కడగాలి. ఆ నురుగునే కనుబొమలకు, ముక్కు పక్కలకు కళ్లలో పడకుండా రాసి కడిగితే అక్కడి పొట్టు కూడా తగ్గుతుంది. జుట్టు మరీ జిడ్డుగా ఉన్న రోజున ముందు మామూలు షాంపూతో ఒకసారి కడిగి, ఆ తర్వాత మందు షాంపూ పట్టించడం మంచిది. కండిషనర్ వాడితే జడ చివళ్లకే రాయాలి. బడికి ఆలస్యమవుతుందని తడి జుట్టునే బిగించి జడలు అల్లడం మన పిల్లల్లో బాగా ఉన్న అలవాటు. మాడు గంటల తరబడి చెమ్మగా ఉంటే దురద తగ్గదు కాబట్టి, సాయంత్రం తలస్నానం చేసి ఆరబెట్టుకుని పడుకునేలా వేళ మార్చండి.

కీటోకొనజోల్‌తో మంట పుడితే జింక్ పైరిథియాన్, సెలీనియం సల్ఫైడ్, సైక్లోపిరాక్స్ వంటి మందులున్న షాంపూలు ఉన్నాయి. సెలీనియం ఉన్నది వాడేటప్పుడు నగలు రంగు మారే అవకాశం ఉంది కాబట్టి చెవి దిద్దులు, గొలుసు తీసి పక్కన పెట్టాలి. పొట్టు మందంగా పెచ్చు కట్టి ఉంటే సాలిసిలిక్ ఆమ్లం కలిసిన షాంపూ ఆ పెచ్చులను మెత్తబరుస్తుంది. షాంపూ రూపంలో కీటోకొనజోల్ ఒంట్లోకి దాదాపుగా ఇంకదు, కానీ అదే పేరుతో ఉన్న మాత్రలు వేరు సంగతి. వాటివల్ల కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉందని అమెరికా, ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థలు 2013లోనే హెచ్చరించాయి. చుండ్రు కోసం ఎవరు చెప్పినా ఆ మాత్రలు వేయవద్దు. మందుల షాపులో ‘దురదకు మంచిది’ అని చేతిలో పెట్టే స్టిరాయిడ్ లోషన్లు, క్రీములు కూడా అంతే. దురద మరీ ఎక్కువగా ఉన్నప్పుడు కొద్ది రోజులకు మేమే స్టిరాయిడ్ లోషన్ రాస్తాం, అయితే సొంతంగా కొని నెలల తరబడి రాసుకుంటే చర్మం పల్చబడుతుంది, ముఖానికి రాస్తే మొటిమలు, ఎర్రదనం మిగులుతాయి. నిమ్మరసం ఇక మానేయండి. గోకి గోకి పుండుపడిన మాడు మీద అది మంట తప్ప మరేమీ ఇవ్వదు, నుదుటి మీదికి కారి ఎండ తగిలితే నల్లటి మచ్చలు కూడా పడవచ్చు. పుల్ల పెరుగుతో హాని లేదు, చెప్పుకోదగ్గ ప్రయోజనమూ లేదు.

వాడినన్నాళ్లు తగ్గి మానగానే తిరిగి రావడం మందు వైఫల్యం కాదు. ఈస్టును పూర్తిగా తుడిచిపెట్టడం ఎవరికీ సాధ్యం కాదు, జిడ్డు ఊరే వయసు ఇంకా కొన్నేళ్లు ఉంటుంది. అందువల్ల నాలుగు వారాల తర్వాత బాగైపోయిందని సీసా పారేయకుండా, వారానికి ఒకసారి, ఆ తర్వాత పదిహేను రోజులకు ఒకసారి అదే షాంపూ కొనసాగించాలి. చలికాలంలోనూ, పరీక్షల ఒత్తిడితో నిద్ర తగ్గిన రోజుల్లోనూ పొట్టు పెరగడం మామూలే. అప్పుడు మళ్లీ రెండు వారాలు వారానికి రెండుసార్లు వాడితే సరిపోతుంది.

చూడకుండా ఉత్తరం మీద చెబుతున్నాను కాబట్టి, కొన్ని విషయాలు మీరే వెలుతురులో పరిశీలించాలి. తెల్లగా కనిపించేది వెంట్రుకకు గట్టిగా అతుక్కుని, ఊదినా దులిపినా కదలకపోతే అవి ఈపులు, పేలకు వేరే మందు వాడాలి. మందమైన వెండిరంగు పెచ్చులు జుట్టు అంచు దాటి నుదుటి మీదికి, చెవుల వెనక్కి వచ్చినా, మోచేతులు, మోకాళ్ల మీద కూడా అలాంటివే ఉన్నా అది సోరియాసిస్ కావచ్చు. వెంట్రుకలు ఒకచోట గుండ్రంగా తెగిపోయి మచ్చలా ఉంటే తామర అనుమానించాలి, అది షాంపూతో పోదు, డాక్టరు రాసిన మాత్రలు కొన్ని వారాలు వేయాలి. చీము, నొప్పి, మెడలో గడ్డలు ఉన్నా, నాలుగు వారాలు సరిగ్గా వాడాక కూడా తేడా లేకపోయినా చర్మవ్యాధుల నిపుణుడికి చూపించండి.

జిడ్డుతో పాటు ముఖం మీద, గడ్డం కింద ముతక వెంట్రుకలు, మొండి మొటిమలు ఉండి, నెలసరి మొదలై మూడేళ్లు దాటినా 35 రోజులకు మించి ఆలస్యమవుతుంటే, లేదా ఏ వయసులోనైనా మూడు నెలలు రాకుండా పోతే గైనకాలజిస్టును కలిసి హార్మోన్ల పరీక్షలు చేయించడం అవసరం. అవేవీ లేకపోతే ఉత్త జిడ్డు తలకు ఆ పరీక్షలు అక్కర్లేదు. తిండి విషయంలో గుడ్డు, నెయ్యి, వేరుశెనగలు మాన్పించకండి. చుండ్రుకు వాటితో సంబంధం లేదు. ఎదిగే పిల్లకు తిండి తగ్గితే రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలుతుంది, అప్పుడు ఆ నింద కూడా చుండ్రు మీదే వేస్తాం.

హాస్టల్‌కు పంపేటప్పుడు షాంపూ సీసా మీద వాడే రోజులు రాసి ఇవ్వండి. చేరేలోపు ఇంట్లోనే ఒక నెల తనంతట తానే పాయలు తీసుకుని పట్టించుకోవడం నేర్పించండి, ఎందుకంటే అక్కడ బాత్‌రూమ్ ముందు వరుసలో నిలబడ్డ పిల్లలు అయిదు నిమిషాలు ఆగనివ్వరు. సెలవు రోజు మధ్యాహ్నం ఒకసారి, వారం మధ్యలో రాత్రి భోజనానికి ముందు ఒకసారి అని వేళ పెట్టుకుంటే కుదురుతుంది. దువ్వెన, తువ్వాలు సొంతవి ఉండాలి, చుండ్రు కోసం కాదు, పేల కోసం.

ఇక గుండు. వెంట్రుకలు తీసినంత మాత్రాన చర్మం లోపలి తైలగ్రంథులు మారవు, హార్మోన్లు మారవు. కొన్నాళ్లు మాడు కళ్లెదుట ఉంటుంది కాబట్టి మందు బాగా అందుతుంది, పొట్టు తక్కువగా కనిపిస్తుంది, జుట్టు పెరిగాక మొదటికి వస్తుంది. చికిత్స పేరు చెప్పి గుండు చేయించవద్దు. మొక్కుగా చేయించాలనుకుంటే అది మీ కుటుంబం నిర్ణయించుకోవలసినది, అయితే తల తనది, హాస్టల్‌లో కొత్తవాళ్ల మధ్య అడుగుపెట్టబోయేదీ తనే కాబట్టి ముందు అమ్మాయిని అడగండి. ఆమె సరేనంటే మాడు మీద పుండ్లు మానాకే చేయించండి, కొత్త బ్లేడు వాడమనండి. తర్వాత కూడా పదిహేను రోజులకు ఒకసారి అదే షాంపూను అయిదు నిమిషాలు ఉంచి కడగడం కొనసాగించండి.