క్యాసినోలో గడియారం సంగతి వదిలేయండి, కుర్చీ చూడండి

మీరు అడిగింది: లాస్ వేగాస్ లాంటి చోట లగ్జరీ క్యాసినో రిసార్ట్‌లను ఎవరు డిజైన్ చేస్తారు, లోపల గడియారాలు కిటికీలు ఉండవనీ, నిద్ర రాకుండా ఆక్సిజన్ వదులుతారనీ అంటారు, నిజమేనా అని.

ముందు ఆ ఆక్సిజన్ సంగతి తేల్చేస్తాను, అది వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. పదిహేనేళ్ళుగా పెద్ద భవనాలకు ఫైర్ స్ప్రింక్లర్ల (మంటలొస్తే సీలింగ్ నుంచి నీళ్ళు చల్లే నాజిళ్ళ) డ్రాయింగులు గీయడమే నా పని. వేల మంది తిరిగే హాల్లో, సిగరెట్లు కాల్చుకునే చోట, బుద్ధున్నవాడెవడైనా గాలిలో ఆక్సిజన్ పెంచుతాడా? అక్షరాలా అగ్నికి ఆజ్యం పోయడమే. ఏసీ గట్టిగా పెడతారు, ఏదో సువాసన వదులుతారు, అంతే. ఈ కథని ఫార్వర్డ్ చేసేవాళ్ళని ఒక్క పూట ఫైర్ ఇన్‌స్పెక్టర్ ముందు కూర్చోబెట్టాలి.

గడియారాలు, కిటికీలు చాలాచోట్ల ఉండవు, నిజమే. అయితే ఏంటట? జేబులో ఫోనున్న మనిషికి గోడ మీద గడియారం లేకపోతే టైం తెలియదా? నన్నడిగితే క్యాసినో డిజైన్ మొత్తం కుర్చీలో ఉంది. ఇది నాకు ఏ ఆర్కిటెక్టూ చెప్పలేదు, మా నాన్న చెప్పారు.

నాన్న నలభై ఏళ్ళు వడ్రంగం చేశారు. అమ్మా ఆయనా అమెరికాలో మా దగ్గరికి వచ్చినప్పుడు రెండు రోజులు వేగాస్ తీసుకెళ్ళాను. హోటల్ పేరు చెప్పను, పాతదే. గది అద్దె చవక అని బుక్ చేస్తే, చివర్లో రిసార్ట్ ఫీజు అని ఒకటి తగిలించారు. ఈత కొలనులో దిగినా దిగకపోయినా కట్టాల్సిందేనట. పార్కింగ్‌కి మళ్ళీ వేరే. సరే, అది ఇంకో రోజు ఏడుస్తాను.

పార్కింగ్ నుంచి రిసెప్షన్‌కి వెళ్ళాలన్నా, రిసెప్షన్ నుంచి లిఫ్టుకి వెళ్ళాలన్నా క్యాసినో మధ్యలోంచే నడవాలి. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. నా చేతిలో రెండు సూట్‌కేసులు. 'గదుల లిఫ్టులు' అని పైన బాణం కనిపిస్తుంది, పది అడుగులు వేసేసరికి బాణం లేదు, ఎదురుగా ఇంకో వరస మెషీన్లు. ఎరుపు మీద పసుపు సుడులున్న కార్పెట్ చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి, సీలింగ్ తల మీదికి వస్తున్నట్టుంది. ఒకే డ్రాగన్ బొమ్మ మెషీన్ ముందుకి మూడోసారి వచ్చాం. "ఇందాక ఇక్కడికే వచ్చాం కదరా" అంది అమ్మ.

"ఒక్క నిమిషం కూర్చుందాం" అన్నారు నాన్న.

ఎక్కడ కూర్చుంటాం? అంత పెద్ద హాల్లో ఒక బెంచీ లేదు, సోఫా లేదు, కనీసం ఆనుకోవడానికి ఖాళీ గోడ లేదు. కుర్చీలు మాత్రం వందల కొద్దీ ఉన్నాయి, ప్రతిదాని ముందూ ఒక మెషీన్. నాన్న డ్రాగన్ ముందు కూర్చున్నారు. రెండు నిమిషాలు కాలేదు, డ్రింకుల పళ్ళెంతో ఒకావిడ వచ్చి నవ్వుతూ "ఆడుతున్నారా సార్?" అంది. ఆ నవ్వుకి అర్థం, ఆడకపోతే లేవండి అని. నేను ఐదు డాలర్ల నోటు లోపల పెట్టేశాను. కుర్చీ అద్దె అనుకున్నాను.

నాన్న బటన్ నొక్కారు. యాభై సెంట్లు పోయాయి. మళ్ళీ నొక్కారు. ఈసారి లైట్లు వెలిగి, పాట మోగి, తెర మీద నాణేలు గలగలా రాలాయి. అమ్మ కంగారుగా "ఎంతొచ్చిందిరా?" అంది. చూస్తే ఇరవై సెంట్లు. యాభై పెడితే ఇరవై వచ్చింది. "ముప్పై పోయినందుకా ఇంత మేళం?" అన్నారు నాన్న. ఆయనకి తెలియకుండానే ఆ మెషీన్ల కిటుకు పట్టేశారు. ఒకేసారి చాలా లైన్ల మీద పందెం కాయిస్తారు, ఏదో ఒక లైను మీద కొంచెం తిరిగిస్తారు, ఓడిపోయినా గెలిచినట్టే మోత మోగిస్తారు.

కాసేపటికి ఆయన దృష్టి మెషీన్ని వదిలేసి కుర్చీ మీద పడింది. సీటు కిందికి చెయ్యి పోనిచ్చి తడిమారు. నేల నుంచి సీటు ఎత్తు జానలతో కొలిచారు. "మామూలు కుర్చీ కంటే ఎత్తు పెట్టాడు చూడు, మోకాలు పూర్తిగా వంగక్కర్లేదు. ముందు అంచు గుండ్రంగా దించేశాడు, తొడ కింద ఒత్తుకోదు, తిమ్మిరెక్కదు. కాళ్ళు పెట్టుకోవడానికి మెషీన్‌కే మెట్టు. లేవాలనిపించకుండా చేశాడురా మహానుభావుడు" అన్నారు. నిజంగానే ఆయన మోకాలి నొప్పి గురించి అరగంట ఎత్తలేదు. వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలోనే రీనో అనే ఊళ్ళో గ్యారీ ప్లాట్ అనే కంపెనీ క్యాసినో కుర్చీలు చేయడంలోనే పేరు తెచ్చుకుందని తర్వాత తెలిసింది. మీ ప్రశ్నకి మొదటి జవాబు అదే అనుకోండి. డిజైనర్ అంటే అందరూ బయట గోపురం గీసినవాడి పేరు చెబుతారు, కుర్చీ చేసినవాడిని ఎవరూ తలుచుకోరు.

మేం తప్పిపోయిన ఆ హాలు తీరుకి ఒక సిద్ధాంతకర్త కూడా ఉన్నాడు, బిల్ ఫ్రీడ్‌మన్. ఒకప్పుడు జూదానికి బానిసైన మనిషి, తర్వాత క్యాసినోలు నడిపాడు. సీలింగ్ కిందికి ఉండాలి, దారి మెలికలు తిరగాలి, చూపు దూరం పోకూడదు, అలంకరణంటే మెషీన్లే, వేరే ఏమీ అక్కర్లేదు అన్నది ఆయన మాట. చాలా ఏళ్ళు అదే వేదం.

దాన్ని తిరగేసినవాళ్ళు వేగాస్‌లో క్యాసినో రిసార్ట్‌లు కట్టించిన స్టీవ్ విన్, ఆయన ఇంటీరియర్ డిజైనర్ రోజర్ థామస్. విన్ 1989లో 63 కోట్ల డాలర్లతో మిరాజ్ అనే రిసార్ట్ కట్టి ముందు అగ్నిపర్వతం పెట్టాడు. 1998లో 160 కోట్లతో బెలాజియో. పైకప్పులు ఎత్తు, పూలు, అద్దాల కప్పులోంచి పగటి వెలుగు. మనిషిని ఇరుకులో పెట్టి కంగారుపెట్టడం కాదు, నేను గొప్పవాణ్ణి అనిపించేలా చేస్తే వాడే ఖర్చు పెడతాడు అన్నది వీళ్ళ లెక్క, ఆ లెక్క తప్పలేదు. విచిత్రమేంటంటే, అంత కంటికింపైనవి కట్టించిన విన్‌కి చూపు క్రమంగా తగ్గిపోయే జబ్బు. 2006లో తన దగ్గరున్న పికాసో పెయింటింగ్‌ని స్నేహితులకి చూపిస్తూ మోచేత్తో చిల్లు పెట్టేశాడు. 2018లో లైంగిక వేధింపుల ఆరోపణలు వస్తే కంపెనీ నుంచి తప్పుకున్నాడు, ఆరోపణలు మాత్రం ఒప్పుకోలేదు. మిరాజ్ కూడా 2024లో మూతపడింది.

మర్నాడు అమ్మానాన్నల్ని బెలాజియోకి తీసుకెళ్ళాను. లాబీ సీలింగ్‌కి గాజు శిల్పి డేల్ చిహూలీ చేసిన గాజు పూలు సుమారు 2000 వేలాడుతున్నాయి. అందరూ మెడలెత్తి చూస్తుంటే నేను స్ప్రింక్లర్లు ఎక్కడ దాచారా అని వెతుకుతున్నాను. నవ్వకండి. మా స్ప్రింక్లర్ తల ఒక్కటి బయటికి కనిపిస్తే ఇంటీరియర్ వాళ్ళకి కంట్లో నలుసు పడ్డట్టే. "అది రెండడుగులు పక్కకి జరపలేరా?" అని నన్ను అడగని ప్రాజెక్టు లేదు. 1980 నవంబర్‌లో వేగాస్‌లోని ఎంజీఎం గ్రాండ్ హోటల్ తగలబడి 80 మందికి పైగా చనిపోయారు, ఆ క్యాసినో హాల్లో స్ప్రింక్లర్లే లేవు. ఆ తర్వాత నెవాడాలో పాత హోటళ్ళకి కూడా పెట్టాల్సిందేనని చట్టం తెచ్చారు. అందుకే నేను జరపను.

బయట ఫౌంటెన్ల దగ్గర మాత్రం నేనూ చిన్నపిల్లాణ్ణి అయిపోయాను. ఎనిమిది ఎకరాల చెరువు, వెయ్యికి పైగా నాజిళ్ళు, పాటకి తగ్గట్టు ఊగే నీళ్ళు. చేసింది వెట్ అనే కంపెనీ, దాన్ని పెట్టిన మార్క్ ఫుల్లర్ అంతకుముందు డిస్నీలో చేశాడు. నా నాజిళ్ళు జీవితంలో ఒక్కసారి కూడా పనిచేయకూడదని కోరుకునేవాణ్ణి నేను, ఆయనవి రోజూ ఆడతాయి. కాస్త అసూయగానే ఉంది.

వీళ్ళందరికంటే ముందువాడు జే సార్నో. 1966లో వేగాస్‌లో సీజర్స్ ప్యాలెస్ అనే క్యాసినో హోటల్ తెరిచాడు. ట్రక్కు డ్రైవర్ల యూనియన్ పెన్షన్ నిధి నుంచి అప్పు తెచ్చి కట్టాడు. 'సీజర్ గారి ప్యాలెస్' అని ఇంగ్లీషులో రాయాలంటే ఎస్ ముందు అపాస్ట్రఫీ ఉండాలి. కావాలనే తీసేయించాడు, అప్పుడది 'సీజర్లు' అని బహువచనం అవుతుంది, లోపలికి వచ్చిన ప్రతివాడూ సీజరేనని. తర్వాత్తర్వాత అక్కడ రోడ్డు మీద నుంచి లోపలికి తీసుకెళ్ళే కదిలే దారి పెట్టారు. బయటికి రావడానికి మాత్రం నడక. సార్నో స్వయంగా పెద్ద జూదగాడు. 1984లో ఆ సీజర్స్ ప్యాలెస్‌లోనే పోయాడు.

షెల్డన్ అడెల్సన్ ఇంకో రకం. కంప్యూటర్ ఎగ్జిబిషన్లు పెట్టి డబ్బు చేసుకున్న మనిషి. వారాంతంలో జూదగాళ్ళొస్తారు, మిగతా రోజుల్లో గదులు నింపేది కాన్ఫరెన్సులకి వచ్చేవాళ్ళే అని పట్టుకున్నాడు. వేగాస్‌లో వెనీషియన్ అనే క్యాసినో రిసార్ట్ అలా వచ్చింది, 1999లో. సింగపూర్‌లో మూడు 55 అంతస్తుల టవర్ల మీద పడవలా కనిపించే మరీనా బే శాండ్స్ కూడా ఆయన కంపెనీదే, గీసింది ఆర్కిటెక్ట్ మోషే సఫ్దీ. అక్కడ ఇంకో డిజైనర్ కూడా ఉన్నాడు, ప్రభుత్వం. మొత్తం కట్టడంలో క్యాసినో వాటా 3 శాతం లోపే. స్థానికులు గడప దాటాలంటే రోజుకి 150 సింగపూర్ డాలర్లు కట్టాలి, విదేశీయులకి ఉచితం. ఏ కార్పెట్ సుడులూ అంత పని చేయవు.

మా నాన్న సంగతి చెప్పి ఆపేస్తాను. ఇండియాకి వెళ్ళిన నెలకి ఫోటో పంపారు. టేకుతో కుర్చీ చేశారు, సీటు ఎత్తుగా, ముందు అంచు గుండ్రంగా, కింద కాళ్ళకి మెట్టు. టీవీ ముందు వేసుకున్నారట. ఇప్పుడు ఫోన్ చేస్తే అమ్మది ఒకటే గోల, మనిషి పొద్దున్న కూర్చుంటే భోజనానికి కూడా లేవడం లేదని. కొలతలు కావాలంటే కింద అడగండి, నాన్నని అడిగి పెడతాను. ఆయన జానల్లోనే చెబుతారు.