రెండో పంపు లెక్క ఎందుకు వదిలేశావు?

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది. కానీ సిరీస్‌లో, అంటే ఒకదాని నీరు ఇంకోదానిలోకి పోయేలా, నడిచే పంపుల గురించి రాస్తూ, "మొదటి పంపు నీటిని నెట్టి ఇస్తుంది కాబట్టి రెండోదానికి ఎన్‌పీఎస్‌హెచ్ (పంపు నోటి దగ్గర, ఆవిరి ఒత్తిడి పోగా నీటికి మిగిలే ఒత్తిడి) లెక్క అక్కర్లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశావే, అక్కడ నాకు ఒళ్లు మండింది. అసలు కథంతా ఆ రెండో పంపు దగ్గరే ఉంది నాయనా!

లెక్క పాఠకుడి కళ్లముందే జరగాలి. సంపులో నీటి మట్టం దగ్గర మొదలై, నీళ్లు పోయే దారినే పోవాలి. ఈ మాట నేను చచ్చినా వదలను.

మన ప్రాంతంలో గాలి ఒత్తిడి సుమారు 10.3 మీటర్ల నీటితో సమానం. సంపులో నీరు పంపు సెంటర్‌కి 3 మీటర్లు కిందుందనుకో. ఫుట్‌వాల్వు, బెండ్లు, పైపు రాపిడి కలిసి 1.2 తినేస్తాయి. 30 డిగ్రీల నీటికి ఆవిరి ఒత్తిడి 0.4. అన్నీ తీసేస్తే మొదటి పంపుకి మిగిలేది 5.7 మీటర్లు. రెండోదానికి గాలి ఒత్తిడి మళ్లీ కలపకు, ఆవిరి ఒత్తిడి మళ్లీ తీయకు. అవి ఆ 5.7లోనే ఉన్నాయి. మొదటి పంపు ఇచ్చే హెడ్, అంటే అది నీటికి జోడించే ఒత్తిడి, 30 మీటర్లు కలుపు. అది నడుస్తున్న డిశ్చార్జి (నీటి ప్రవాహం) దగ్గర పంపు కంపెనీ ఇచ్చిన కర్వ్‌లో చూసిన హెడ్ కావాలి, వాల్వు మూసినప్పటిది కాదు. రెండో పంపు 4 మీటర్లు పైనుంది, మధ్య పైపులో రాపిడి 2. మిగిలేది 29.7. పుష్కలమే. నువ్వు ఇక్కడ ఆగిపోయావు.

ఇప్పుడు మొదటి పంపు ట్రిప్ అయి ఆగిపోయింది అనుకో, రెండోది తిరుగుతూనే ఉంది. ఆ 30 పోయింది. 5.7లోంచి 4, 2 తీస్తే సున్నా కంటే కిందికి పడ్డావు. ఆగిన పంపులోంచి నీరు లాగడంలో పోయేది ఇంకా లెక్కలోకే రాలేదు. అంటే అంత డిశ్చార్జి ఇక రాదు. నీరు ఆవిరి బుడగలై, అవి ఇంపెల్లర్ మీద పగిలి లోహాన్ని కొరికేస్తాయి. రెండో పంపు సక్షన్ దగ్గర, అంటే నీరు లోపలికి వచ్చే నోటి దగ్గర, ప్రెషర్ స్విచ్ పెట్టి, ఒత్తిడి పడిపోగానే మోటారు ఆగేలా ఇంటర్‌లాక్ చేసేది ఇందుకే. నీ వ్యాసంలో దాని ఊసే లేదు.

అంకెలుంటే పాఠకుడు పారిపోతాడని నీకూ ఎవరో చెప్పి ఉంటారు. నా తొలి వ్యాసంలో లెక్కలన్నీ ఒక సంపాదకుడు కొట్టేశాడు. షిఫ్టు దిగాక పంప్‌హౌస్ బల్ల మీద, లాగ్‌బుక్ పక్కన పెట్టుకుని రాసిన వ్యాసం అది. అచ్చయ్యాక ఆపరేటర్‌కి చూపిస్తే, "లెక్కలేవి సార్?" అన్నాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తీరలేదు. మిర్చి యార్డులో క్వింటా ధర, తరుగు, హమాలీ, కమీషన్ నోటితోనే తేల్చేసే రైతుకి నాలుగు తీసివేతలంటే భయమా?

ఆపరేటర్ కేసింగ్‌కి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "లోపల గులకరాళ్లు దొర్లుతున్నాయి" అన్నాడని రాశావు. అది చూసినవాడే రాయగలడు. దాన్ని చివరి పేజీలో ఎందుకు పడేశావు? ట్రిప్ లెక్క పక్కకి తీసుకురా.

పుస్తకం సంగతి తర్వాత. ముందు ఇది తిరగరాయి. నేను చెప్పిన ఉదాహరణలో రెండో పంపు సక్షన్ గేజి చదరపు సెంటీమీటరుకి దాదాపు 2 కేజీలు చూపించాలి. మీ పంప్‌హౌస్‌లో ఎంత చూపిస్తోందో రాసి పంపు. గేజి పంపు సెంటర్‌కి ఎంత ఎత్తులో ఉందో కూడా రాయి.