బ్యాక్టీరియా ఎక్కడ ఆగుతుందో లెక్క కట్టే చదువు

ప్రశ్న: మా పాప భీమవరంలో బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం. ఇంటర్‌లో బైపీసీ. ఈ మధ్య ప్రిడిక్టివ్ మైక్రోబయాలజీ వైపు వెళ్తానంటోంది. అందులో లెక్కలు ఎక్కువట, తనకేమో లెక్కలంటే భయం. అసలు ఉద్యోగాలు ఉంటాయా? మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: ముందే చెప్పేస్తాను, ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన మీకు కనిపించడం అరుదు. పని మాత్రం ఉంది. ప్యాకెట్ మీద గడువు తేదీ వేసే ముందు, అప్పటిదాకా అందులో హానికర బ్యాక్టీరియా పెరగదని ఎవరో ఒకరు తేల్చాలి కదా. ఆ తేల్చడమే ఈ శాస్త్రం.

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే అమ్మ ఎందుకు అరిచేదో గుర్తు చేసుకోండి. ఉప్పు వల్ల సూక్ష్మజీవికి అందే నీరు తగ్గుతుంది, ఆ అందే నీటి కొలతనే వాటర్ యాక్టివిటీ అంటారు. మామిడి పులుపు పీహెచ్‌ను (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) దించుతుంది. ఈ రెండూ కలిసి ఎక్కడ అడ్డం పడతాయన్నదే అసలు ప్రశ్న. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. 2005 నాటి యూరప్ నిబంధనల ప్రకారం పీహెచ్ 4.4 లేదా అంతకు తక్కువ ఉన్న ఆహారంలో అది పెరగదని లెక్క. వాటర్ యాక్టివిటీ 0.92 లేదా అంతకు తక్కువ ఉన్నా అంతే. కానీ రెండూ కలిసి పనిచేస్తే పీహెచ్ 5.0, వాటర్ యాక్టివిటీ 0.94 సరిపోతాయి. అంటే అంత ఉప్పూ అక్కర్లేదు, అంత పులుపూ అక్కర్లేదు. రుచి చెడకుండా సరుకు నిలవ ఉండాలనుకునే కంపెనీకి ఈ చిన్న తేడా విలువ ఎంతో మీరే ఊహించుకోండి.

ఇక లెక్కల భయం సంగతి. ఈ రంగంలో బాగా వాడే సూత్రం ఒకటి 1982లో రాట్కోవ్‌స్కీ బృందం ఇచ్చింది: పెరుగుదల వేగపు వర్గమూలం, ఉష్ణోగ్రతతో పాటు సరళరేఖలో పెరుగుతుంది. మైనస్ 2 డిగ్రీల దగ్గర పెరుగుదల ఆగిపోయే బ్యాక్టీరియా అనుకుందాం. ఫ్రిజ్ 4 డిగ్రీల్లో ఉంటే ఆ హద్దుకు 6 డిగ్రీల పైన ఉన్నట్టు, 8లో ఉంటే 10 డిగ్రీల పైన. 6 వర్గం 36, 10 వర్గం 100. వేగం దాదాపు 2.8 రెట్లు! ఇది పదో తరగతి లెక్కే. ఆ తర్వాత స్టాటిస్టిక్స్, ఆర్ లేదా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోక తప్పదు, అది దాచను. బైపీసీ వాళ్లు ఏడాది కూర్చుంటే వచ్చేస్తాయి.

కోర్సుకు ఆహార సాంకేతిక సంస్థలైన మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ, కుండ్లీ, తంజావూరుల్లోని నిఫ్టెమ్‌లు చూడండి. గేట్ పరీక్ష లైఫ్ సైన్సెస్ పేపర్లో మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ రెండూ ఎంచుకోవచ్చు. కొన్ని కోర్సులకు ఇంటర్‌లో మ్యాథ్స్ అడగవచ్చు, నోటిఫికేషన్ చదివాకే ఫీజు కట్టండి. ఉద్యోగాలంటే ఆహార కంపెనీల క్వాలిటీ, ఆర్ అండ్ డీ విభాగాలు, పరీక్షా ల్యాబ్‌లు. మీ ఊరి చుట్టూ రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లున్నాయి, సెలవుల్లో అక్కడ ఇంటర్న్‌షిప్ అడగమనండి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు మైక్రోబయాలజీ డిగ్రీ అర్హతే. పీహెచ్‌డీ దాకా వెళ్తే ఆస్ట్రేలియాలోని టాస్మానియా, నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయాలు ఈ రంగంలో పేరున్నవి.

ఇప్పటికిప్పుడు అప్పు చేసి ఏ కోచింగ్‌లోనూ చేర్చకండి. కామ్‌బేస్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో ఏ ఉష్ణోగ్రత, ఏ పీహెచ్‌లో ఏ బ్యాక్టీరియా ఎంత పెరిగిందో వేల కొద్దీ రికార్డులున్నాయి. మూడో ఏడు ప్రాజెక్టుగా పాలను మూడు ఉష్ణోగ్రతల్లో ఉంచి, కాలేజీ ల్యాబ్‌లో ప్లేట్ కౌంట్ (బ్యాక్టీరియా సంఖ్య లెక్క) తీసి, ఆ వర్గమూలం గీత గీయమనండి. గీత వంకర వస్తే ఎందుకు వచ్చిందో లెక్చరర్‌ని అడగమనండి. ఆ పని నచ్చిందో లేదో అప్పుడు మీ పాపే చెబుతుంది.