అమ్మ పగలంతా మగతలోనే ఉంటోంది... జ్ఞాపకశక్తి మాత్ర పెంచవచ్చా?

ప్రశ్న: మా అమ్మ వయసు 78. నాలుగేళ్లుగా అల్జీమర్స్ ఉంది. నాలుగు నెలల క్రితం సంరక్షణ కేంద్రంలో చేర్పించాం. రాత్రిళ్లు కేకలు వేస్తోందని, స్నానం చేయించేవారిని కొడుతోందని అక్కడి డాక్టరు ఒక మాత్ర రాశారు. నాన్న వాడగా మిగిలిన నిద్రమాత్రలు కూడా నేనే ఇచ్చి వచ్చాను. ఇప్పుడు గొడవ లేదు. కానీ పది రోజులుగా పగలంతా మగతగా పడుకునే ఉంటోంది, సరిగా తినడం లేదు. జ్ఞాపకశక్తి మాత్ర మోతాదు పెంచితే కాస్త హుషారు వస్తుందా? - ఒక పాఠకురాలు

జవాబు: మోతాదు సంగతి తర్వాత. ముందు నన్ను కలవరపెట్టింది ‘పది రోజులుగా’ అన్న మాట. అల్జీమర్స్ నెలల తరబడి, ఏళ్ల తరబడి ముదిరే జబ్బు. పది రోజుల్లో మనిషి ఇలా మారిపోతే దాన్ని మతిమరుపు ఖాతాలో వేసి ఊరుకోకూడదు. మందుల మత్తు కావచ్చు, లేదా డెలీరియం, అంటే ఉన్నట్టుండి స్పృహ, ఆలోచన గందరగోళపడే స్థితి కావచ్చు. డెలీరియం అంటే కేకలు, కలవరింతలే అనుకుంటారు. వృద్ధుల్లో అది చాలాసార్లు ఇలా నిశ్శబ్దంగానే వస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, మలబద్ధకం, మూత్రం రాక ఆగిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, ఏది కారణమైనా కావచ్చు. చూడకుండా నేను నిర్ధారించలేను. ఈ రోజే డాక్టరు చేత పరీక్ష చేయించండి. పిలిచినా కళ్లు తెరవకపోయినా, మింగలేకపోయినా, జ్వరం, ఆయాసం, ఒళ్లు బిగుసుకుపోవడం ఉన్నా నేరుగా ఆస్పత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. మగతలో ఉండగా నోట్లో ముద్ద పెట్టవద్దని సిబ్బందికి చెప్పండి. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

ఇక నిద్రమాత్రలు. అమ్మగారి మీద ప్రేమతోనే ఇచ్చారని తెలుసు. అయినా ఒకరికి రాసిన మందును మరొకరికి, అదీ డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బు) ఉన్న 78 ఏళ్ల మనిషికి ఇవ్వడం తప్పమ్మా. వాటివల్ల అయోమయం పెరుగుతుంది, పడిపోయి తుంటి ఎముక విరగవచ్చు. ఆ సంగతి అక్కడి డాక్టరుకు తెలుసా? తెలియకపోతే ఆయన తన మాత్ర ఒక్కటే లోపలికి వెళ్తోందనుకుంటున్నారు. దాచకుండా చెప్పండి. అలాగని ఈ రాత్రి నుంచే అన్నీ మీరే ఆపేయవద్దు. కొన్ని నిద్రమాత్రలు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు. వేటిని ఆపాలో, వేటిని మెల్లగా తగ్గించాలో ఆయనే నిర్ణయించాలి.

ఆయన రాసిన మాత్ర పేరు మీరు చెప్పలేదు. రిస్పెరిడోన్, క్వెటియాపిన్ వంటి యాంటీసైకోటిక్ (తీవ్రమైన మానసిక లక్షణాలను అణచే మందు) అయి ఉండవచ్చు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఇవి మరణ ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది, 2008లో హాలోపెరిడాల్ వంటి పాత మందులకూ ఆ హెచ్చరికను వర్తింపజేసింది. సుమారు పది వారాలపాటు సాగిన పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 2.6 శాతం మంది మరణిస్తే, మందు తీసుకున్నవారిలో 4.5 శాతం మంది మరణించారు. అసలు వాడకూడదని కాదు. తనకో ఎదుటివారికో హాని జరిగే పరిస్థితి ఉంటే అతి తక్కువ మోతాదులో, కొద్ది వారాలకు ఇస్తాం. ఆ కొద్ది వారాలు గడిచాక మళ్లీ చూసేవారు లేక, పాత చీటీ మీదే నెలల తరబడి మాత్రలు పడుతూనే ఉండటం నేను తరచూ చూస్తున్నాను. గొడవ లేదు కదా అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు, మంచం మీది మనిషి మాత్రం లేచి నడవడం మరచిపోతుంది.

స్నానం దగ్గరే ఎందుకు కొట్టారో ఎవరైనా ఆలోచించారా? ఎవరో తెలియని మనిషి వచ్చి బట్టలు విప్పుతుంటే ఆమెకు భయం వేయదా? చెయ్యి ఎత్తినప్పుడు భుజం నొప్పి పుడుతోందేమో, చెప్పడానికి మాట రాక చెయ్యి విసిరారేమో. రోజూ ఒకే ఆయా, ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, ఒంటి మీద తువ్వాలు కప్పి నెమ్మదిగా చేయిస్తే చాలామందిలో ఈ ప్రతిఘటన తగ్గుతుంది. నొప్పి ఉంటే దానికి వైద్యం చేయాలి.

జ్ఞాపకశక్తి మాత్ర పెంచవద్దు. డోనెపెజిల్ రకం అయితే ఆకలి ఇంకా తగ్గవచ్చు, నాడి నెమ్మదించవచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు కేంద్రంలో రోజూ ఇచ్చే మందుల పట్టిక, మీరిచ్చిన మాత్రల అట్ట రెండూ చేతిలో ఉండాలి. అమ్మగారికి కళ్లద్దాలు, వినికిడి యంత్రం ఉంటే అవి ఆమె దగ్గరే ఉన్నాయో, సొరుగులో పడి ఉన్నాయో కూడా చూడండి.