బొంగరం ఎలా ఓడిందో రాయి

తమ్ముడూ,

నింటెండో డీఎస్ అనే చేతి ఆటయంత్రంలో వచ్చిన, బొంగరాలు ఢీకొనే బేబ్లేడ్ మెటల్ ఫ్యూజన్ వీడియోగేమ్ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పెగాసస్ అనే బొంగరం గురించి "పెగాసస్ చాలా బలమైనది" అని మూడుచోట్ల రాశావు. ఎందులో బలం? ఆ మాట కొత్తగా ఆడేవాడికి ఒక్క పోటీలోనూ అక్కరకు రాదు.

ముందు దాని పూర్తి పేరు విప్పి చెప్పు. స్టార్మ్ పెగాసస్ 105ఆర్‌ఎఫ్‌లో స్టార్మ్ అంటే బరువంతా మోసే లోహచక్రం, పెగాసస్ దాని మీద కూర్చునే రింగు, 105 అంటే చక్రం కింద ఉండే, 10.5 మిల్లీమీటర్ల ఎత్తున్న ట్రాక్. ఆర్‌ఎఫ్ అంటే రబ్బర్ ఫ్లాట్, నేలకు తగిలే ములికి.

ఆ ములికి దగ్గర ఎక్కువసేపు ఆగు. బల్లపరుపు రబ్బరు నేలను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి బొంగరం దూసుకుపోతుంది. ఆ రాపిడికే తిరుగుడు తొందరగా తరిగిపోతుంది కూడా. షార్ప్ ములికి మొనమీద నిలిచి నడుమనే చాలాసేపు తిరుగుతుంది, కానీ గట్టి దెబ్బ పడితే దానికి పట్టు చాలదు. ఎత్తు సంగతీ అంతే: 105 ప్రత్యర్థిని కిందినుంచి కొడుతుంది, వేగం తగ్గి ఒరిగేసరికి మాత్రం చక్రం అంచు తొందరగా నేల గీరుకుంటుంది.

ఎల్-డ్రాగో అనే బొంగరం గురించి ఒక్క వాక్యమే రాశావు, అది అన్యాయం. అది పెగాసస్‌కు ఎదురు దిశలో, ఎడమకు తిరుగుతుంది. ఎదురెదురు దిశల్లో తిరిగేవి తాకితే పళ్ళచక్రాల్లా ఒకదాన్నొకటి దొర్లిస్తాయి, ఎక్కువ వేగమున్నదాని నుంచి తక్కువదానికి తిరుగుడు పాకుతుంది.

ఇదంతా నిజంగా తిప్పే బొమ్మ బొంగరం సంగతి. వీడియోగేమ్‌లోనూ అచ్చం ఇలాగే జరుగుతుందని ధీమాగా రాయకు, ఆడి చూడు. ఒకే ప్రత్యర్థి, ఒకే గోదా, పది పోటీలు. తర్వాత ఒక్క భాగం మార్చి మళ్ళీ పది. రెండు భాగాలు ఒకేసారి మార్చావా, ఫలితం దేనివల్ల వచ్చిందో తేలదు. గెలుపులు లెక్కపెట్టి ఊరుకోకు. ఓడినప్పుడు గోదా దాటి పడిందా, తిరుగుడు ఆగి పడిందా అన్నది విడివిడిగా రాసుకో. బయటపడేదానికి పట్టున్న ములికి, బరువైన చక్రం వెతకాలి. ఆగిపోయేదానికి రాపిడి తగ్గించాలి. నీ వ్యాసంలో రెండింటికీ "ఇంకా బలమైన భాగాలు వాడండి" అనే ఒకే సలహా ఉంది.

తిరగరాసి పంపేటప్పుడు ఆ పోటీల కాగితం కూడా జతచెయ్యి. వ్యాసం కన్నా ముందు దాన్నే చూస్తాను.

నీ శ్రేయోభిలాషి