మీ అగేట్ వెలగకపోవడానికి కారణం టార్చి కావచ్చు

అతినీలలోహిత (UV) టార్చి కింద వెలగలేదని మీ అగేట్‌ను, అంటే ఆ చారల క్వార్ట్జ్ రాయిని, అప్పుడే పక్కన పడేయకండి. ఫొటోల్లోలా ఆకుపచ్చగా వెలగకుండా, మీ 395 నానోమీటర్ల (అది కాంతి తరంగదైర్ఘ్యం) టార్చి కింద ఊదాగా కనిపిస్తోందన్నారు. ఆ ఊదా రాయిది కాదు, టార్చిదే. అగేట్‌లో ఆకుపచ్చని వెలుగునిచ్చేవి లేశమాత్రంగా చేరిన యురేనైల్ అయాన్లు, అంటే యురేనియం, ఆక్సిజన్ కలిసిన విద్యుదావేశ కణాలు. అవి బాగా స్పందించేది 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతికి. కంటికి కనిపించే కాంతిని ఆపే ఫిల్టరున్న అలాంటి దీపంతో, చిమ్మచీకట్లో చూడండి. రాయి గాజుపెట్టెలో ఉంటే బయటికి తీయడం మరవకండి. మామూలు గాజు ఆ కిరణాలను దాటనివ్వదు. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి, చర్మం మీదా పడనివ్వకండి. అప్పటికీ వెలగకపోతే నిరాశ వద్దు, చాలా అగేట్లు అసలు వెలగవు. పగుళ్లలో మాత్రమే నీలితెలుపు మెరుపు కనిపిస్తే అది నూనో జిగురో కావచ్చు, కడిగి మళ్లీ చూడండి.