డ్యాష్‌బోర్డు కింది పాత పెట్టె

చిరంజీవికి, ఆశీస్సులు.

నువ్వు కొన్న పాత ట్రక్కులో మోకాలికి తగులుతోందన్న పెట్టె ట్రెయిలర్ బ్రేకు కంట్రోలర్. ట్రెయిలర్ చక్రాల్లో విద్యుదయస్కాంతాలు ఉంటాయి. కరెంటు అందగానే అవి చక్రంతో పాటు తిరుగుతున్న బ్రేకు డ్రమ్మును పట్టుకుని మీటను లాగుతాయి, బ్రేకు పడుతుంది. ఎంత కరెంటు పంపాలో చూసుకునేది ఈ పెట్టే. ట్రెయిలర్ లాగే పని లేదన్నావు కాబట్టి నిక్షేపంగా తీసేయవచ్చు. కానీ కటింగ్ ప్లయర్ పట్టుకునే ముందు ఒక్కటి చూడు.

టార్చిలైటు తీసుకుని పెడల్ దగ్గర వెల్లకిలా పడుకో. పెట్టె వెనక నుంచి వచ్చేవన్నీ వైర్లేనా, వాటి మధ్య సన్నని లోహపు గొట్టం ఏదైనా ఉందా? వేలితో తడిమి చూడు. వైరు వంగుతుంది, గొట్టం అంత తేలిగ్గా వంగదు. గొట్టం ఉంటే అందులో ఉన్నది నీ ట్రక్కు బ్రేకు ఆయిలే. పాతకాలపు కంట్రోలర్లు కొన్ని మాస్టర్ సిలిండర్ నుంచి, అంటే పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే భాగం నుంచి, వచ్చే ఆయిల్ ఒత్తిడితో పనిచేసేవి. పెడల్ తొక్కితే లోపల చిన్న పిస్టన్ కదిలి కరెంటును పెంచేది.

పని నేర్చుకునే రోజుల్లో నేను అలాంటి గొట్టాన్ని మట్టి పట్టిన వైరనుకుని కోసేశాను. మణికట్టు మీద జిడ్డుగా రెండు చుక్కలు పడ్డాయి. లేచి పెడల్‌ను చేత్తో నొక్కితే ఏ అడ్డూ లేకుండా కిందికి జారిపోయింది. బండి కదలకుండా ఉంది కాబట్టి గండం గడిచింది. ఆ మెత్తదనం నా అరచేతికి ఇప్పటికీ గుర్తుంది, నాయనా.

అందుకే గొట్టాన్ని మడిచి నొక్కేయడం, బోల్టు బిగించి మూసేయడం వంటివి వద్దు. మాస్టర్ సిలిండర్ దగ్గర దాన్ని కలిపిన టీ జాయింటును తీసేసి అసలు లైను మళ్ళీ వేయించాలి, లేదా ఆ జాయింటుకు సరిపోయే బ్రేకు ప్లగ్గే బిగించాలి. తర్వాత బ్రేకు ఆయిల్ లైన్లలో చేరిన గాలి తీయాలి. ఇంజను నడుస్తుండగా పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కిపట్టు. కొంచెం కొంచెంగా దిగుతుంటే బండి రోడ్డెక్కకూడదు. బ్రేకు ఆయిల్ బండి పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడిగెయ్యి, లేకపోతే పెయింటు లేచిపోతుంది.

గొట్టం లేకపోతే పని తేలిక. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసెయ్యి. సాధారణంగా నాలుగు వైర్లుంటాయి. నలుపు బ్యాటరీ నుంచి వస్తుంది, తెలుపు ఎర్తు, ఎరుపు బ్రేకు లైటు స్విచ్చికి, నీలం ట్రెయిలర్‌కు. పాత బండిలో ఎవరు ఏ రంగు వాడారో నమ్మలేం. ప్రతి వైరునూ చివరిదాకా వెతికి చూసుకో. నల్ల వైరును పెట్టె దగ్గర కోసి వదిలేస్తే రెండో చివర బ్యాటరీకే ఉంటుంది, ఎక్కడో రాసుకుని నిప్పు పుట్టిస్తుంది. దారిలో ఉన్న సర్క్యూట్ బ్రేకర్‌ను నమ్ముకోకు. వాటిలో చాలావరకు పడిపోయినా చల్లబడగానే తమంతట తామే మళ్ళీ కలుస్తాయి. బ్యాటరీ దగ్గరే ఊడదీసి వైరు మొత్తం లాగెయ్యి.

ఎర్ర వైరును నిదానంగా తియ్యి. దాన్ని కలిపిన క్లిప్పు బ్రేకు లైటు వైరు తొడుగును కొరికి ఉంటుంది. క్లిప్పు తీశాక లోపల రాగి పచ్చబడి ఉంటే, ఆ ముక్క కోసి కొత్త జాయింటు వెయ్యి. చివర్లో బ్యాటరీ కలిపి, ఒకరిని వెనక నిలబెట్టి బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడు. నీలం వైరు ఉంచేయవచ్చు, రెండు చివరలూ టేపు చుడితే చాలు.

గొట్టం కనిపిస్తే మాత్రం ఏమీ ముట్టుకోకు, ఫోను చెయ్యి. నేనే వస్తాను.

నీ పెదనాన్న